పడగ్గదిలో ప్రొపేన్ ఏసీ: మూడు వేసవుల తర్వాత

మా బెజవాడ ఇంట్లో ఆర్-290 ఏసీ పెట్టించి మూడు వేసవులైంది. ఆర్-290 అంటే ఏసీలో చల్లదనం కోసం తిరిగే గ్యాస్; అసలు పేరు ప్రొపేనే, వంట గ్యాస్‌లో ఉండేదే. ఆ మాట వినగానే అమ్మ "వంటింట్లో బండ చాలదా, పడగ్గదిలోకి కూడానా?" అంది. మా యూనిట్ ప్లేటు మీద రాసిన గ్యాస్ 340 గ్రాములు. వంటింటి బండలో 14.2 కిలోలు!

చల్లదనానికి వంక పెట్టలేను. మే నెల మధ్యాహ్నం కూడా పావుగంటలో గది దారికొస్తుంది. పాత ఏసీల్లో వాడిన ఆర్-22 గ్యాస్ గాలిలో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు వేడి పెంచుతుంది. ప్రొపేన్ లెక్క ఒక్క అంకెలోనే.

ఇబ్బందల్లా సర్వీసుతోనే. పోయినేడు గ్యాస్ లీకైతే వచ్చిన కుర్రాడు పైపు అతికించడానికి ఏకంగా మంట టార్చ్ వెలిగించబోయాడు. అవుట్‌డోర్ యూనిట్ మీది మంట బొమ్మ స్టిక్కర్ చూపించి ఆపాను. "ఏం కాదు సార్, రోజూ చేసేదే" అన్నాడు. పంపించేశాను. తర్వాత వచ్చినాయన కిటికీలు తెరిపించి, మిగిలిన గ్యాస్‌ని ఆరుబయటికి వదిలి, పైపుల్లోకి మంట అంటుకోని నైట్రోజన్ పట్టించి, అప్పుడు అతికించాడు. పైపుల్లోని గాలంతా లాగేసి (వాక్యూమ్ చేసి), సిలిండర్‌ని తూకం మీద పెట్టి గ్రాముల లెక్కన నింపాడు. గంటన్నర పైనే పట్టింది. ఆయన నంబరు ఫ్రిజ్ మీద అంటించాం.