ప్లగ్ వైరుకు చుట్టే ఆర్పీఎం మీటర్: పాత ఆర్డీ మీద చాలాకాలం వాడాక

నా రాజ్‌దూత్ 350కి (యమహా ఆర్డీ 350 మన దేశపు రూపం, అందుకే ఆర్డీ అంటాం) బండితో వచ్చిన ముల్లు ఆర్పీఎం మీటర్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది, ఎంతవరకు కరెక్టో తెలుసుకుందామని, ప్లగ్ వైరుకు చుట్టే చిన్న డిజిటల్ మీటర్ కొన్నాను. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. అంత చవకదాన్ని నమ్మొచ్చా అన్నది ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎన్ని చుట్లకు ఒక స్పార్కో మీటర్‌కు చెప్పే సెట్టింగ్ దగ్గర చాలామంది తికమకపడతారు. ఆర్డీ టూ స్ట్రోక్, సిలిండర్‌కో పాయింట్ సెట్ (స్పార్క్ ఎప్పుడు పడాలో తేల్చే స్విచ్), సిలిండర్‌కో కాయిల్. క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరిగితే ఆ ప్లగ్‌లో ఒక స్పార్క్. పాయింట్లున్న పాత బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి దానికైతే రెండు చుట్లకు ఒకటి. ఇది తప్పుగా పెడితే అంకె సగమో రెట్టింపో వస్తుంది. మామూలు ప్లగ్ క్యాప్‌తో అంకెలు గంతులేశాయి, స్పార్క్ వల్ల వచ్చే ఎలక్ట్రికల్ గోలను తగ్గించే రెసిస్టర్ క్యాప్ వేశాక కుదురుకున్నాయి.

నమ్మకం కుదిర్చింది మాత్రం ట్యూబ్‌లైట్. పాత కాపర్ చోక్ ట్యూబ్‌లైట్ మన 50 హెర్ట్జ్ కరెంటుకు రెట్టింపుగా, సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఎడమ పక్క కవర్ తీసి, క్రాంక్‌తో పాటే తిరిగే రోటర్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టి, రాత్రిపూట మిగతా లైట్లు ఆపేసి థ్రాటిల్ మెల్లగా పెంచాను. (గ్యారేజీ షట్టర్ తెరిచే ఉంచండి, ఆ పొగకు ఊపిరాడదు.) 3000 అంటే సెకనుకు 50 చుట్లు, చుట్టుకు రెండు మినుకులు; అందుకే సరిగ్గా 3000 దగ్గర ఆ గీత రెండై, ఎదురెదురుగా కదలకుండా నిలబడుతుంది. అప్పుడు డిజిటల్ మీటర్ కూడా 3000కి అటూఇటూగానే ఉంది. మన గ్రిడ్ 49.90–50.05 హెర్ట్జ్ మధ్య నడవాలని రూలు కాబట్టి తేడా వచ్చినా పది ఆర్పీఎం లోపే. ఎలక్ట్రానిక్ చోక్ లైట్లతో ఇది కుదరదు.

ఇక ముల్లు సంగతి. అసలు 3000కి అది 3300 చూపిస్తోంది, రోడ్డు మీద 6000కి 6600. అంటే పదో వంతు ఎక్కువ. అంతటా ఒకే 300 తేడా ఉంటే ముల్లును తప్పు చోట గుచ్చారనుకోవాలి. వేగంతో పాటు తేడా పెరుగుతోందంటే లోపలి సన్న స్ప్రింగ్ సడలి ఉండొచ్చు. కేబుల్ తిప్పే అయస్కాంతం అల్యూమినియం కప్పును లాగుతుంటే, ఆ స్ప్రింగే కదా దాన్ని పట్టి ఉంచేది. అయస్కాంతం బలం తగ్గితే మాత్రం ముల్లు తక్కువ చూపిస్తుంది. ముల్లు వణకడం వేరే జబ్బు, కేబుల్‌కు గ్రీజు పెడితే చాలావరకు పోతుంది.

ఈ పదో వంతు చిన్న విషయమేం కాదు. రాజ్‌దూత్ 350లో ఎక్కువ పవరున్న హై టార్క్ మోడల్ తన పూర్తి 30.5 బీహెచ్‌పీ ఇచ్చేది 6750 దగ్గర. ముల్లును నమ్మి 6750కి గేర్ మారిస్తే ఇంజన్ ఇంకా 6100లోనే ఉంటుంది, అసలు మజా మొదలవక ముందే.

డిజిటల్ మీటర్‌కూ లోపాలున్నాయి. ఎండలో అంకెలు కనపడవు. థ్రాటిల్ టక్కున తిప్పితే వెనకబడుతుంది, ఆ విషయంలో ముల్లే మేలు. బ్యాటరీ సీల్ చేసి ఉంది, అయిపోతే మీటరే పారేయాలి. అందుకే దాన్ని బండికి శాశ్వతంగా బిగించలేదు, ట్యూనింగ్ చేసేటప్పుడే చుడతాను. పాత మీటర్ అంచు నొక్కి మూసేసి ఉంటుంది, విప్పితే మళ్ళీ సరిగా కూర్చోదు. కాబట్టి దాని జోలికి పోకుండా, అద్దం మీద 7400 దగ్గర చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాను. రోడ్డు మీద నాకు అదే 6750.