మా అపార్ట్‌మెంట్ కామన్ మీటరు: ఏడేళ్ల వాడకం, 31 నెలల బకాయి

మీటరును తప్పుపట్టడానికి ఏమీ లేదు. 2018లో బిగించారు. ఒక్క రోజు కూడా ఆగలేదు. వానాకాలంలో పెట్టె లోపల చెమ్మ చేరినా అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. దానికి నేనిచ్చే మార్కులు 5కి 5. దాన్ని చూసి బిల్లు వేసే పద్ధతికి మాత్రం 2. ఈ రెంటికీ మధ్య తేడా మా 40 ఫ్లాట్లకు 4 లక్షల 34 వేల రూపాయలు పడింది.

మాది సీటీ మీటరు, అంటే లైనులో కరెంటును తగ్గించి మీటరుకు పంపే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో (సీటీలతో) పనిచేసేది. లిఫ్టు, బోరు మోటారు, సంపు మోటారు, మెట్ల లైట్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. అంత లోడును నేరుగా మీటరులోకి పంపరు, మధ్యలో సీటీలు పెడతారు. వాటి మీద 50/5 అని ఉంటే, లైనులో 50 ఆంపియర్లు పోతున్నప్పుడు మీటరుకు చేరేది 5 మాత్రమే. అందుకని మీటరు చూపించిన యూనిట్లను 10తో గుణించి బిల్లు వేస్తారు. బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఎంఎఫ్ అని ఉండేది ఆ 10నే. సెక్రటరీగా అన్ని బిల్లులు నా చేతి మీదుగానే కట్టాను, ఆ అంకె వంక మాత్రం ఎప్పుడూ చూడలేదు.

2021 ఆగస్టులో రెండో లిఫ్టు పెట్టుకున్నాం, ఇంకో మోటారు దించాం. లోడు పెంచమని అడిగితే కరెంటాఫీసు వాళ్లు వచ్చి సీటీలు మార్చి 100/5వి బిగించారు. అంటే ఇక 20తో గుణించాలి. పెట్టెలో సీటీలు మారాయి గానీ ఆఫీసు కంప్యూటర్‌లో 10 అలాగే ఉండిపోయింది.

అంతకుముందు నెలకు 20 వేల దాకా వచ్చే బిల్లు 14 వేలకు దిగింది. లిఫ్టు కొత్తది పెట్టాక బిల్లు తగ్గితే ఎవరికైనా అనుమానం రావాలి. మాకు సంతోషం వచ్చింది. ఎల్ఈడీ లైట్లు వేయించిన ఫలితమని జనరల్ బాడీ మీటింగులో చెప్పుకున్నాను కూడా. చప్పట్లు కొట్టారు.

2024 మార్చిలో కరెంటు సంస్థలో మీటర్లు పరీక్షించే ఎంఆర్‌టీ విభాగం వాళ్లు తనిఖీకి వచ్చి సీటీల మీది అంకెలు రాసుకుని వెళ్లారు. మూడు వారాలకు నోటీసు వచ్చింది: 31 నెలలకు సగం యూనిట్లకే బిల్లు పడింది, మిగతాది కట్టండి అని. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

రెండో ఫ్లోరు అంకుల్ రిటైర్డ్ లాయరు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 56(2) ప్రకారం బకాయి పడ్డ రెండేళ్ల తర్వాత వసూలు చేయకూడదు కదా, మొదటి ఏడు నెలలూ ఎగిరిపోతాయి అన్నారు. ఆశ పుట్టింది. తర్వాత ఆయనే తీర్పులు చదివి చల్లగా చెప్పారు. అజ్మీర్ డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏమందంటే, బిల్లు చేతికొచ్చాకే అది బకాయి అవుతుంది. పొరపాటు బయటపడితే రెండేళ్లు దాటిన వాడకానికైనా డబ్బు అడగవచ్చు, కాకపోతే దాని కోసం కరెంటు కోయకూడదు. 2021లో హరియాణా నూలు మిల్లు కేసు అచ్చం మాలాంటిదే: 10తో గుణించాల్సింది 5తో గుణించారు, కోటి 35 లక్షల బిల్లు వచ్చింది, మిల్లు ఓడిపోయింది. వాడుకున్న కరెంటుకే అడుగుతున్నారు, సేవాలోపం అనలేమని తేలింది.

అయినా కరెంటు సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల ఫోరానికి వెళ్లాం. వెళ్లడం మంచిదైంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, మా మాట ఓపికగా విన్నారు. అసలు తగ్గలేదు గానీ సర్‌చార్జి లేకుండా 12 వాయిదాలు ఇచ్చారు. నెలకు 36 వేల చిల్లర, దాని మీద మామూలు బిల్లు 28 వేలు.

అసలు తలనొప్పి ఆఫీసులో కాదు, మా మెట్ల మీద మొదలైంది. ఫ్లాటుకు 10,850 అని నోటీసు బోర్డులో పెట్టాను. ఈలోగా ఐదు ఫ్లాట్లు చేతులు మారాయి, తొమ్మిదింట్లో అద్దెవాళ్లు మారారు. "సెక్రటరీ గారూ, నేను గృహప్రవేశం చేసిందే పోయిన శ్రావణంలో. అంతకుముందు ఎవరో లిఫ్టెక్కితే నేనెందుకు కట్టాలండీ?" అని 304 మేడం అడిగారు. జవాబు లేదు. సర్వీసు అసోసియేషన్ పేరు మీద ఉంది, కాబట్టి కరెంటాఫీసుకు ఈ గొడవతో పని లేదు. చివరికి కొత్తగా కొన్నవాళ్ల వంతు అసోసియేషన్ కార్పస్ ఫండ్ (ఉమ్మడి నిధి) నుంచి కట్టాం. పాత ఓనర్లలో ఇద్దరు పంపించారు. ఒకాయన నా ఫోనే ఎత్తడం లేదు.

ఇంట్లో సింగిల్ ఫేజ్ మీటరు ఉన్నవాళ్లకు ఈ గొడవ ఉండదు, వాటికి సీటీలు ఉండవు. అపార్ట్‌మెంట్ కామన్ సర్వీసు, చిన్న మిల్లు, ఫంక్షన్ హాలు నడిపేవాళ్లు మాత్రం ఇవాళే కొత్త బిల్లు తీసి ఎంఎఫ్ చూడండి. సీటీల పెట్టెకు సీలు ఉంటుంది, మీరు తెరవకండి, లైన్‌మన్‌ను పిలిచి రేషియో చదవమనండి. లోడు మార్చుకున్న మరుసటి నెల బిల్లు తప్పకుండా చూడండి.

చివరి వాయిదా 2025 జులైలో కట్టాం. మోటారు ప్యానెల్‌లో సొంతంగా ఒక సబ్‌మీటరు పెట్టించాను. ప్రతి ఒకటో తారీఖున వాచ్‌మన్ రెండు మీటర్లకూ ఫోటో తీసి పంపుతాడు, నేను పుస్తకంలో రాసుకుంటాను. పోయిన నెల బిల్లు 3 వేలు తగ్గింది. వెంటనే ఎంఎఫ్ చూశాను. 20యే ఉంది. ఊళ్లో పెళ్లిళ్ల సీజన్, సగం ఫ్లాట్లకు తాళాలు.