చిప్‌కి మౌల్డ్ కావాలి: బెంగళూరు వెళ్లాలా, ల్యాబ్‌లోనే ప్రింట్ చేసుకోవాలా?

కొత్త పీహెచ్‌డీ స్కాలర్లు చేరిన ప్రతిసారీ మా గ్రూపులో ఇదే ప్రశ్న. "అక్కా, నా డిజైన్‌కి మౌల్డ్ బెంగళూరులో చేసుకోనా, మన 3డీ ప్రింటర్ మీదే లాగించేయనా?" ఈ ఏడాది ఇప్పటికే నలుగురు అడిగారు. నలుగురికీ క్యాంటీన్‌లో టీ తాగిస్తూ విడివిడిగా చెప్పాను. ఇక నా వల్ల కాదు, ఒక్కసారి రాసి పెట్టేస్తున్నాను. మేము చేసేది మైక్రోఫ్లూయిడిక్స్, అంటే వెంట్రుకంత సన్నటి చానెళ్లలో ద్రవాలను నడిపే చిప్‌లు. మౌల్డ్ (అచ్చు) మీద పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు పోయడం, గట్టిపడ్డాక ఒలవడం, ప్లాస్మాతో గాజు స్లైడ్‌కి అతికించడం ఎక్కడైనా ఒకటే. తేడా అంతా మౌల్డ్ దగ్గరే.

బెంగళూరు అంటే ఐఐఎస్‌సీలోని క్లీన్‌రూమ్, దుమ్ము చొరబడకుండా కాపాడే ల్యాబ్. సొంతంగా అలాంటి ల్యాబ్ లేని విద్యాసంస్థల వాళ్లు అక్కడా, ఐఐటీ బొంబాయిలోనూ పని చేసుకునేలా కేంద్ర ప్రభుత్వం 2008లో ఐఎన్‌యూపీ అనే పథకం పెట్టింది. ప్రపోజల్ రాయాలి, అది ఒప్పుకోవాలి, తర్వాత వెళ్లాలి. ఆ పసుపు వెలుతురులో సిలికాన్ వేఫర్ (పల్చటి గుండ్రటి పలక) మీద ఎస్‌యూ-8తో, అంటే వెలుతురు పడితే గట్టిపడే పాలిమర్‌తో, చేసిన మౌల్డ్ చూస్తే ముచ్చటేస్తుంది. గోడలు నిటారుగా, పైభాగం అద్దంలా ఉంటాయి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గీత అడిగితే 10 మైక్రాన్లే వస్తుంది. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లే కదా. కణాలను ఒక్కొక్కటిగా ఆపి పట్టుకునే పని మీదైతే చర్చే లేదు, కాచిగూడలో రైలెక్కండి. (జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. టికెట్ డబ్బులు ముందు మన జేబులోంచే పోతాయి. బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి.)

ఇక మా రెసిన్ ప్రింటర్. దాని పిక్సెల్ 50 మైక్రాన్లు. అయినా 200 మైక్రాన్ల కంటే సన్నటి చానెల్‌ని నేను నమ్మను. పొరల గీతలు పీడీఎంఎస్ మీదికి కూడా దిగి మైక్రోస్కోప్ కింద చికాకు పెడతాయి. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. రెసిన్‌లో మిగిలిపోయిన రసాయనాలు పీడీఎంఎస్‌ని గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పని చేయనీయవు. మౌల్డ్‌కి తగిలిన వైపు జిగటగా ఉండిపోతుంది. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, యూవీ కింద పెట్టి, రాత్రంతా ఓవెన్‌లో ఉంచి అప్పుడు పోస్తాం. తొందరపడి ఓవెన్ మానేసినవాళ్లు మర్నాడు ఆ జిగురు గీక్కుంటూ కూర్చోవాల్సిందే. నేనూ కూర్చున్నాను.

ఇంతవరకు చదివితే బెంగళూరే మేలనిపిస్తుంది. మొదటి ఏడాది నాకూ అలాగే అనిపించి నేరుగా అక్కడికే వెళ్లాను. వేఫర్ అద్భుతంగా వచ్చింది. బట్టల మధ్య పెట్టుకుని, రైల్లో తల కింద బ్యాగు పెట్టుకుని తెచ్చాను. ఇక్కడికొచ్చి పీడీఎంఎస్ పోసి, 1.5 మిల్లీమీటర్ల పంచ్‌తో ఇన్‌లెట్ రంధ్రాలు, అంటే ద్రవం లోపలికి వెళ్లే దారులు, కొట్టాను. డిజైన్‌లో ఆ రెండు ఇన్‌లెట్ల కేంద్రాల మధ్య దూరం 2 మిల్లీమీటర్లే పెట్టాను. అంటే రెండు రంధ్రాల నడుమ మిగిలిన గోడ అర మిల్లీమీటరు. సిరంజి పంప్ ఆన్ చేయగానే అది కాస్తా చిరిగి, రెండు ద్రవాలూ చానెల్‌లోకి వెళ్లకముందే కలిసిపోయాయి. క్లీన్‌రూమ్ వాళ్ల తప్పు రవ్వంత లేదు. స్క్రీన్ మీద 2 మిల్లీమీటర్లు చాలా పెద్దగా కనిపించాయి, అంతే. మళ్లీ మాస్క్ (వేఫర్ మీదికి డిజైన్ దించే పలక), మళ్లీ స్లాట్, మళ్లీ రైలు.

అప్పటినుంచి మా గ్రూపులో పారేసిన చిప్‌లను గమనిస్తూ వచ్చాను. ఒకరి ఔట్‌లెట్ 25 మిల్లీమీటర్ల స్లైడ్ అంచు దాటిపోయింది. ఇంకొకరి డిజైన్ అద్దంలో చూసినట్టు తిరగబడింది. మరొకరి ట్యూబు మైక్రోస్కోప్‌కి తగిలి స్టేజ్ కదలలేదు. మొదటి డిజైన్లలో నేను చూసిన తప్పులు ఎక్కువగా మిల్లీమీటర్లవే, మైక్రాన్లవి తక్కువ. వాటిని పట్టుకోవడానికి క్లీన్‌రూమ్ అక్కర్లేదు. ప్రింటర్ అయితే ఇవాళ మధ్యాహ్నం మౌల్డ్ పెట్టి, రాత్రి ఓవెన్, రేపు పీడీఎంఎస్ పోసి 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు, సాయంత్రానికి చిప్ చేతిలో ఉంటుంది. తప్పు తెలిసిన రాత్రే దిద్దుకోవచ్చు. నా లెక్కలో ఈ ఒక్కటే మిగతా అన్నిటికంటే ఎక్కువ బరువు.

అలాగని ప్రింటర్ అన్నీ చెప్పేస్తుందనుకోకండి. 1 మిల్లీమీటరు వెడల్పు, 20 మైక్రాన్ల ఎత్తు ఉన్న ఛాంబర్ గీస్తే పీడీఎంఎస్ కప్పు కుంగి కింద గాజుకి అతుక్కుంటుంది. అదే ఛాంబర్‌ని 200 మైక్రాన్ల ఎత్తుతో ప్రింట్ చేస్తే చక్కగా నిలబడి మిమ్మల్ని మోసం చేస్తుంది. అలాంటి చోట మధ్యలో స్తంభాలు పెట్టాలి. నీళ్ల చుక్కలు చేసే చిప్ అయితే నూనె, నీళ్లు ఎలా నడుస్తాయో ప్రింట్‌లో తెలుస్తుంది గానీ చివరికి వచ్చే చుక్క సైజు తెలియదు.

మిగతావి క్లుప్తంగా. ఫిల్మ్ మాస్క్‌తో ల్యాబ్‌లోనే ఎస్‌యూ-8 చేయొచ్చు. కానీ మామూలు గదిలో ఒక్క దుమ్ము రేణువు పడితే చాలు, ఎస్‌యూ-8 పరుచుకోవడానికి వేఫర్‌ని గిర్రున తిప్పేటప్పుడు ఆ రేణువు వెనక తోకచుక్కలా గీత పడుతుంది. నేమ్‌బోర్డులు కోసే షాపుల్లో లేజర్‌తో యాక్రిలిక్ మీద చానెల్ గీయించొచ్చు. వీ ఆకారంలో గరుకుగా వస్తుంది, అయినా ద్రవాలను కలిపే మిక్సర్ చిప్‌కి సరిపోతుంది. మీ ల్యాబ్‌లో ప్రింటర్ లేకపోతే 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ కేంద్రంలో అడిగి చూడండి.

వచ్చే నెల నేను మళ్లీ బెంగళూరు వెళ్తున్నాను. ఈసారి తీసుకెళ్తున్న డిజైన్ మా ప్రింటర్ మీద ఆరుసార్లు మారింది. నాలుగోసారి చూస్తే ఇన్‌లెట్లు మళ్లీ 2 మిల్లీమీటర్ల దూరంలోనే ఉన్నాయి.