పాత పడవకి కొత్త హాల్యార్డులు: పాలిస్టర్ ఎక్కడ, డైనీమా ఎక్కడ

పాత సెయిల్‌బోట్లలో చాలావాటికి హాల్యార్డ్ (తెరచాపని, అంటే సెయిల్‌ని పైకి ఎక్కించే తాడు) సగం స్టీల్ వైరు, సగం తాడుగా ఉండేది. మాదీ అలాంటిదే. వైరు తీసేసి పూర్తిగా తాడుకి మారాం. మెయిన్‌సెయిల్‌కి (స్తంభం వెనకుండే ప్రధాన తెరచాప) మామూలు పాలిస్టర్ డబుల్ బ్రెయిడ్ (అల్లిన తాడు మీద అల్లిన తొడుగు), ఫర్లర్ (సెయిల్‌ని చుట్టేసే పరికరం) మీది జెనోవాకి (ముందుండే పెద్ద తెరచాప) పాలిస్టర్ తొడుగున్న డైనీమా (చాలా తక్కువ సాగే, బలమైన పాలిథిలిన్ నార). రెండూ చాలా సీజన్లుగా ఎండలో, ఉప్పుగాలిలో నలిగాయి.

తాడు కొనేముందు మాస్ట్ (తెరచాప స్తంభం) ఎక్కి కప్పీలు చూడాలి. వైరు కోసం చేసిన కప్పీ గాడి సన్నగా, లోతుగా ఉంటుంది. తాడు అందులో ఇరుక్కుని తొడుగు త్వరగా చిరుగుతుంది. వైరు గీరిన గరుకు అంచులైతే ఇంకా ప్రమాదం. మేం గుండ్రటి గాడి ఉన్నవి వేయించాం. ఇన్నాళ్లూ తొడుగు నిలిచిందంటే సగం పుణ్యం వాటిదే.

డైనీమా అనగానే అందరూ బలం గురించి చెబుతారు. 10 మి.మీ. పాలిస్టర్ తాడు తెగాలంటే రెండు టన్నులకు పైగా లోడ్ పడాలి. మామూలు క్రూజింగ్ పడవ హాల్యార్డ్ మీద అంత పడదు. చూడాల్సింది సాగుడు. గాలి పెరిగి తాడు సాగితే సెయిల్ ముందంచున అడ్డంగా ముడతలు పడతాయి, సెయిల్ పొట్ట వెనక్కి జరుగుతుంది, పడవ ఎక్కువ ఒరుగుతుంది. మెయిన్‌సెయిల్‌కైతే వించ్ (తాడు చుట్టి బిగించే డ్రమ్ము) కాస్త తిప్పితే సరిపోతుంది. రీఫ్ చేసినప్పుడు (గాలి ఎక్కువై సెయిల్‌ని కొంత కుదించినప్పుడు) ఎలాగూ మళ్లీ బిగిస్తాం. పైగా డేక్రాన్ (పాలిస్టర్) సెయిల్ గుడ్డే కొంత సాగుతుంది. అందుకే అక్కడ డైనీమాకి డబ్బు పెట్టడం దండగని నా గట్టి అభిప్రాయం.

జెనోవా సంగతి వేరు. ఒకసారి ఎక్కిస్తే సీజన్ అయ్యేదాకా దించం. నెలల తరబడి లోడ్ మీదే ఉండే తాడు కాబట్టి డైనీమాలో కూడా మెల్లగా సాగే గుణం తక్కువున్న ఎస్‌కే78 రకం తీసుకున్నాం. బిగించిన చోటే ఉంటోంది, మళ్లీ ముట్టుకునే పనే పడటం లేదు.

డైనీమా బలంగా ఉంది కదా అని 6 మి.మీ.కి దిగొద్దు. చేతులు కోసుకుపోతాయి, క్లచ్‌లో (తాడుని పట్టి ఉంచే బిగింపు) జారుతుంది. క్లచ్ మీద రాసి ఉన్న సైజు చూసి ఎంచుకోవాలి. తొడుగు లేని డైనీమా కూడా వద్దు. అది 150 డిగ్రీల లోపే కరుగుతుంది, పాలిస్టర్ 250 దాకా ఓర్చుకుంటుంది. వించ్ మీద తాడు వేగంగా వదిలినప్పుడు ఆ రాపిడి వేడిని తొడుగే భరించాలి.

అరుగుదల ఎప్పుడూ ఒకే చోట, కప్పీ మీద ఆగే భాగంలోనే వస్తుంది. అందుకే పొడవు ఒకట్రెండు మీటర్లు ఎక్కువ కొనండి. సెయిల్ వైపు కొస కాస్త కోసి మళ్లీ కడితే అరిగిన భాగం కప్పీ మీంచి పక్కకి జరుగుతుంది, తాడు ఇంకొన్ని సీజన్లు వస్తుంది.