డాలియా దుంపలు దాచడానికి వర్మిక్యులైట్: బస్తా కొనేముందు

వర్మిక్యులైట్ బస్తా మీద తేమ పట్టి ఉంచుతుందని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. కుండీ మట్టికి అది మంచి గుణమే. చలికాలం డాలియా దుంపలు దాచేటప్పుడు మాత్రం వాటిని కాపాడేదీ అదే, కుళ్లబెట్టేదీ అదే. అమెరికాలోని న్యూజెర్సీ లాంటి నేల గడ్డకట్టే చోట్ల అక్టోబరులో దుంపలు తవ్వి, మే దాకా బేస్‌మెంట్‌లో ఉంచాల్సినవాళ్లు ఇది తెలుసుకునే కొనాలి. (హైదరాబాద్‌లో డాలియా పూసేదే చలికాలంలో. అక్కడివాళ్ల తంటా అంతా ఎండలతోనే.)

వర్మిక్యులైట్ అభ్రకానికి దగ్గరి చుట్టం. గూడూరు అభ్రకం చూసినవాళ్లకు అది పొరలుపొరలుగా ఊడిరావడం తెలిసే ఉంటుంది. ఈ ఖనిజాన్ని కొలిమిలో గబుక్కున వేడిచేస్తే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై, ముక్క పేలాలా ఉబ్బుతుంది. ఆ సందుల్లోనే తర్వాత తేమ నిలుస్తుంది. అంత వేడికి బూజు, పురుగు ఏమీ మిగలవు. కోకోపీట్, రంపపు పొట్టుల కంటే దుంపలకు ఇది మెరుగనడానికి అదొక ముఖ్య కారణం.

తీసుకోవాల్సింది ముతక రకం, లేదంటే మధ్య రకం. సన్నది విత్తనాల ట్రేలకు బాగుంటుంది కానీ, దుంపల చుట్టూ పిండిలా అణిగిపోయి గాలి ఆడనివ్వదు. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో 8 క్వార్ట్‌ల (సుమారు 7.5 లీటర్ల) చిన్న సంచులు దొరుకుతాయి. లీటరు లెక్కన చూస్తే అవి బాగా ఖరీదు. నర్సరీలకు సరుకు అమ్మేచోట 2 క్యూబిక్ అడుగుల బస్తా, అంటే సుమారు 56 లీటర్లు, అడగండి. విడదీసిన దుంపలు 12 నుంచి 15 పట్టే షూ-బాక్స్ డబ్బాకు 3, 4 లీటర్లు పోతుంది కాబట్టి ఒక బస్తా 14 డబ్బాలకు పైనే వస్తుంది. గోడల్లో ఇన్సులేషన్‌కు పోసే రకం చవగ్గా కనిపించినా వద్దు. నీరు అంటకుండా దానికి పూత పూసే అవకాశం ఉంది.

ఎంత మంచి సరుకైనా పాడైన దుంపను బాగుచేయలేదు. ఆకులు మంచుకు నల్లబడ్డాక వారం, పది రోజులు ఆగి తవ్వితే మొలక వచ్చే కన్నులు తేలిగ్గా కనబడతాయి. కాండం 10–15 సెంటీమీటర్లు వదిలి కోయండి. అది గొట్టంలా బోలుగా ఉంటుంది. అందులో నిలిచిన వాన నీరు మొదలును కుళ్లిస్తుంది కాబట్టి, తవ్విన గుత్తిని తలకిందులుగా పెట్టి ఒక రోజు నీడన ఆరనివ్వాలి. రెండు రోజులు దాటితే పల్చటి తోలు ముడతలు పడటం మొదలవుతుంది. ఆలుగడ్డకు ఒళ్లంతా కన్నులుంటాయి. డాలియాకు దుంప సన్నబడే మెడ పైన, కాండం మొదట్లోనే ఉంటాయి. మెడ విరిగినదాన్ని, కన్ను లేనిదాన్ని ఎంత జాగ్రత్తగా దాచినా మొలవదు. మొదట్లో కాలీఫ్లవర్ లాంటి గడ్డ కట్టిన దుంప గాల్ రోగానిది. దాన్ని చెత్తలో వేసి, కత్తిని ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ల నీళ్లలో కడగండి.

ఇక అసలు సంగతి, తేమ. బస్తాలోంచి నేరుగా తీసిన పొడి వర్మిక్యులైట్ దాహంతో ఉంటుంది. నేలలో నీళ్లు తాగి బలిసిన దుంపలకు అది సరిపోతుంది. వేలెడంత సన్నటి దుంపల నుంచి మాత్రం నీరు లాగేసి, జనవరికల్లా ఎండు మిరపకాయల్లా చేస్తుంది. సన్నవాటికి 10 లీటర్ల వర్మిక్యులైట్‌కు పావు లీటరు నీళ్లు చిలకరించి కలిపి, ఒక రాత్రి ఉంచాక వాడండి. గుప్పెట్లో పిండితే చేతికి తడి అంటకూడదు. అంటిందంటే ఎక్కువైనట్టే, ఇంకో రెండు లీటర్ల పొడిది కలపాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: ముడతలు చూసి భయపడి నీళ్లు పోస్తారు, ఫిబ్రవరికి మెత్తటి కుళ్లు. కొద్దిగా ముడిచిన దుంప మే నెలలో నేలలో కోలుకుంటుంది, కుళ్లినది కోలుకోదు. అనుమానం వస్తే పొడి వైపే మొగ్గండి.

డబ్బాలో అడుగున రెండు వేళ్ల మందం పోసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన మళ్లీ కప్పాలి. మూత మొదటి రెండు వారాలు ఓరగా ఉంచండి. మూత లోపల నీటి బిందువులు కనబడితే ఇంకో వారం తీసి పెట్టండి. గది 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఉన్న బేస్‌మెంట్ దీనికి వేడెక్కువ, వేడి లేని గ్యారేజ్ జనవరిలో గడ్డకట్టవచ్చు. వర్మిక్యులైట్ ఇన్సులేషన్‌కు వాడే సరుకే కదా, ఆదుకుంటుందని కొందరి నమ్మకం. ఒక డబ్బాలో ఉన్నంత మందం వారంపాటు సాగే గడ్డకట్టే చలికి చాలదు. కనిష్ఠ ఉష్ణోగ్రత గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి డబ్బా పక్కనే ఉంచండి. రకం పేరు దుంప మీదే మార్కర్‌తో రాయడం మంచిది. ఊదారంగు థామస్ ఎడిసన్ 1929 నాటి రకం. న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్లోని తెలుగువాళ్ల తోటలకు తగిన పేరే కానీ, నిద్రపోయే దుంపలన్నీ ఒకేలా కనబడతాయి.

లోపాల్లో పెద్దది దుమ్ము. అమెరికాలో 1990 వరకు అమ్మిన వర్మిక్యులైట్‌లో ఎక్కువ భాగం మోంటానాలోని లిబ్బీ గనిది, అందులో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఆ గని 1990లో మూతపడింది. ఇప్పటి సరుకు వేరే గనులది, అయినా ఏ ఖనిజపు దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిది కాదు. బస్తా ఆరుబయట విప్పి, కొంచెం తడి చిలకరించి, ఎన్95 మాస్కు వేసుకోండి. పాత ఇంటి అటకమీద దొరికిన వర్మిక్యులైట్‌ను ముట్టుకోకండి.

దీనికి గట్టి పోటీ వంటింటి ప్లాస్టిక్ చుట్టే. విడదీసి, కడిగి, ఆరబెట్టిన దుంపలను ఒకదానికొకటి తగలకుండా వరుసగా చుట్టేస్తే చోటు తక్కువ పడుతుంది, దుమ్ము లేదు. కానీ నెలనెలా విప్పి చూడటం విసుగు, ఒకటి కుళ్లితే ఆ చుట్టలో పక్కవాటికీ తాకుతుంది. వంద దాటిన తోటకు ప్లాస్టిక్, పది ఇరవై మొక్కల ఇంటికి వర్మిక్యులైట్ మేలు. విడదీయని పెద్ద గుత్తులకైతే రెండూ కాక, పెంపుడు జంతువుల కింద పరిచే పైన్ చెక్క తురుము చవగ్గా సరిపోతుంది. ఇసుక బరువు. దాని జోలికి పోకపోవడమే నయం.

నెలకోసారి చెయ్యి పెట్టి వెతికి, మెత్తబడిన భాగాన్ని గట్టి తెల్ల కండ వచ్చేదాకా కోసి, కోతకు గంధకం పొడి అద్ది, వేరే డబ్బాలో పెట్టండి. వర్మిక్యులైట్ రెండు మూడేళ్లు తిరిగి వాడుకోవచ్చు. ఎండలో ఆరబెట్టి జల్లెడ పట్టి, పిండైన భాగాన్ని కుండీ మట్టిలో కలపండి. కుళ్లు వచ్చిన డబ్బాలోది మాత్రం మళ్లీ దుంపలకూ వద్దు, కుండీలకూ వద్దు.