యూనిట్ 46 డాలర్లు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చదివి చూశాక

అమెరికా చదువంటే అప్పుల చదువని మనవాళ్లలో గట్టి నమ్మకం. అందుకని ధరతోనే మొదలుపెడతాను. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీల్లో, రాష్ట్ర నివాసితులు కట్టేది యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క అది) 46 డాలర్లు. 2012 నుంచి ఇదే రేటు. మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లకు వస్తుంది. ఆపైన హెల్త్ ఫీజు, పార్కింగ్ లాంటి చిల్లర ఖర్చులు. రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. సిలికాన్ వ్యాలీలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒకదాంట్లో కొన్నేళ్లుగా సాయంత్రం క్లాసులకు వెళ్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

గుంటూరులో ఎం.కాం. చేసి, పెళ్లయ్యాక హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చాను. సీపీఏ లైసెన్సు (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంట్ల హోదా) తెచ్చుకోవాలంటే, నేను మొదలుపెట్టిన నాటి నిబంధనల ప్రకారం, మొత్తం 150 యూనిట్లు చూపించాలి. అందులో అకౌంటింగ్‌కు ఇన్ని, వ్యాపార విషయాలకు ఇన్ని, ఎథిక్స్‌కు 10 అని పంపకాలున్నాయి. (ఈ నిబంధనలు మారుతున్నాయి. ఎవరో చెప్పారని కాకుండా, లైసెన్సు ఇచ్చే కాలిఫోర్నియా అకౌంటెన్సీ బోర్డు సైటులో మీరే చూసుకోండి.) నా మార్కుల జాబితాలను మూల్యాంకనానికి పంపితే అక్కడక్కడ ఖాళీలు తేలాయి. వాటిని యూనివర్సిటీలో పూడ్చుకోవాలంటే వేలకు వేలు పోయాలి. కమ్యూనిటీ కాలేజీ యూనిట్లనూ బోర్డు ఒప్పుకుంటుందని తెలిసిన రోజున మా ఇంట్లో ఆ చర్చ ముగిసింది.

మామూలుగా చేరడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి, లేదా హైస్కూల్ పూర్తయి ఉండాలి. అంతే. ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు, సిఫారసు ఉత్తరాలు లేవు, దరఖాస్తుకు రుసుమూ లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్ వరుసల్లో నిలబడి పెరిగిన తరానికి ఇందులో ఏదో మతలబు ఉందనే అనిపిస్తుంది. మతలబేమీ లేదు. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు వేసుకున్న ప్రణాళికలోనే పని విభజన జరిగింది: పై శ్రేణి విద్యార్థులకు రెండు రకాల యూనివర్సిటీలు, కమ్యూనిటీ కాలేజీల తలుపు మాత్రం అందరికీ. 1984 దాకా వీటిలో ఫీజే ఉండేది కాదు.

ఒక మెలిక ఉంది. 46 డాలర్ల రేటు రావాలంటే కనీసం ఏడాదీ ఒక రోజూ కాలిఫోర్నియాలో నివాసం ఉన్నట్టు కాగితాలు చూపించాలి. లేకపోతే ఫీజు దానికి ఎన్నో రెట్లు. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఈ నివాస హోదా దొరుకుతుంది. విద్యార్థి వీసా మీద ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లకు దొరకదు. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని ఇది చదువుతున్నవాళ్లు ఆ రేటు చూసి ఆశపడవద్దు. ఇక్కడికి కొత్తగా వచ్చిన హెచ్-4 చెల్లెళ్లకు నా మాట ఒకటే: దిగిన వారంలోనే ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు మీ పేరు మీద మొదలుపెట్టండి. అన్నీ భర్త పేరు మీదే ఉంటే తరవాత రుజువులకు తడుముకోవాలి.

ఇక చదువు సంగతి. డెబిట్, క్రెడిట్ ఎక్కడైనా అవేగా, కళ్లు మూసుకుని రాసేయవచ్చు అన్న ధీమాతో వెళ్లిన నన్ను మొదటి వారమే బ్యాలెన్స్ షీట్ తికమక పెట్టింది. మనం చదువుకున్న పాత నమూనాలో అప్పులు ఎడమవైపు, ఆస్తులు కుడివైపు. ఆస్తుల్లో ముందు భూములూ భవనాలూ, అట్టడుగున నగదు. ఇక్కడ ఆస్తులు ముందు, వాటిలో మొట్టమొదటి వరుస నగదు. నిల్వల లెక్కింపులో ఇంకో వింత. చివర కొన్న సరుకు ముందు అమ్ముడైనట్టు లెక్కకట్టే లైఫో పద్ధతిని మన ప్రమాణాలు ఎప్పుడో తీసేశాయి. ఇక్కడ అది చెల్లుతుంది. ధరలు పెరిగే కాలంలో లాభం తక్కువ చూపించి పన్ను మిగుల్చుకునే ఈ ఏర్పాటును మా లెక్చరర్ బోర్డు మీద రెండు నిలువు వరుసల్లో వేసి చూపించారు. ఆయన పగలు ఆడిట్ ఉద్యోగం చేసి సాయంత్రం ఆరింటికి క్లాసుకు వచ్చేవారు. పుస్తకంలో లేని సంగతులు అలాంటివాళ్ల దగ్గరే దొరుకుతాయి.

ఎథిక్స్ యూనిట్ల కోసం తత్వశాస్త్రం క్లాసులో కూర్చోవలసి వచ్చింది. అమ్మో అనుకుంటూనే వెళ్లాను. నా ఒకపక్క నెయిల్ సెలూన్ నడిపే వియత్నాం ఆవిడ, ఇంకోపక్క హైస్కూల్ చదువుతూనే ఇక్కడ కోర్సు తీసుకుంటున్న పదహారేళ్ల కుర్రాడు. అబద్ధం చెప్పడం ఎప్పుడైనా సబబేనా అన్న చర్చ వచ్చింది. ఆ కుర్రాడు పుస్తకంలోని సిద్ధాంతాలు వల్లించాడు. ఆవిడ మాత్రం, పిల్లల్ని పడవెక్కించేటప్పుడు తన తల్లి వాళ్లకు చెప్పిన అబద్ధం గురించి రెండే వాక్యాలు మాట్లాడింది. ఆ తరవాత కాసేపు సిద్ధాంతాల జోలికి ఎవరూ వెళ్లలేదు. ర్యాంకులతో వడకట్టిన తరగతి గదిలో ఈ ముగ్గురూ ఒక బెంచీ మీద కూర్చునే అవకాశమే లేదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది వీటా. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా పన్ను రిటర్నులు నింపిపెట్టే ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) కార్యక్రమం ఇది. అకౌంటింగ్ విద్యార్థులు శిక్షణ తీసుకుని, ఐఆర్ఎస్ పరీక్ష పాసై, అందులో స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. ప్లాస్టిక్ సంచీ నిండా విప్పని కవర్లు తెచ్చి బల్ల మీద కుమ్మరించినవాళ్లున్నారు. అందులోంచి డబ్ల్యూ-2 అనే జీతం కాగితం ఏది, బ్యాంకు వడ్డీ కాగితం ఏది, చెత్త ఏది అని వేరు చేయడంతోనే నా అసలు శిక్షణ మొదలైంది.

ఇక లోపాలు. పెద్ద లోపం కౌన్సెలింగ్. సెమిస్టర్ మొదట్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, దొరికినా అరగంట. వాళ్లకు కొట్టినపిండి ట్రాన్స్‌ఫర్ దారి, అంటే ఇక్కడ కొంత చదివి యూనివర్సిటీకి మారే దారి మాత్రమే. విదేశీ డిగ్రీతో వచ్చి సీపీఏ కోసం యూనిట్లు ఏరుకునేవాళ్లు వాళ్ల పట్టికల్లో ఎక్కడా ఇమడరు. నాకు ఇచ్చిన ప్రణాళికలో నేను ఇండియాలో ఎప్పుడో చదివేసిన గణాంకశాస్త్రం మళ్లీ ఉంది. ఆ కాగితం పక్కన పెట్టి బోర్డు నిబంధనలు నేనే చదువుకోవలసి వచ్చింది. రెండోది, తగినంతమంది చేరలేదని చివరి క్షణంలో క్లాసు రద్దు చేయడం. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేసుకుని వచ్చినవాళ్లకు అది ఎంత చిరాకో రద్దు చేసేవాళ్లకు తెలియదు.

మూడోది చెప్పుకోవడం కష్టం. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం పుణ్యమా అని లెక్కలూ ఇంగ్లీషూ పునాది కోర్సుల్లో ఏళ్లకేళ్లు ఇరుక్కుపోయే బాధ తప్పింది; దాదాపు అందరూ నేరుగా కాలేజీ స్థాయి కోర్సులోనే చేరతారు. మంచిదే. కానీ మొదటి పరీక్ష అయ్యేసరికి క్లాసులో కుర్చీలు ఖాళీ అవడం మొదలవుతుంది. రెండు ఉద్యోగాలు చేస్తూ వచ్చే అమ్మాయి ఒక వారం రాదు, ఆ తరవాత అసలే రాదు. ఎందుకు రాలేదని అడిగే నాథుడుండడు. మన జూనియర్ కాలేజీల్లో హాజరు కోసం ఇంటికి ఫోను చేసి పీక్కుతింటారని తిట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆ ఫోను వస్తే బాగుండును అనిపించిన మొహాలు కొన్ని చూశాను.

మన గృహప్రవేశాల్లో, పుట్టినరోజు విందుల్లో ఇంకా ఈ కాలేజీ పేరెత్తితే "అయ్యో, పిల్లాడికి ఎక్కడా రాలేదా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ అనుకున్న కోర్సులు అనుకున్న గ్రేడుతో పూర్తిచేస్తే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన ఆరు క్యాంపస్‌లలో ఒకదానిలో సీటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం ఉంది: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ ఒప్పందంలో లేవు. వాటికి పోటీ పడాల్సిందే. ఈ ఒప్పందానికి దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి, అసలు అడ్మిషన్ దరఖాస్తు దాని తరవాత విడిగా పెట్టాలి. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో అసిస్ట్ అనే సైటులో కాలేజీవారీగా ఉంటుంది. పిల్లల్ని చేర్పించేవాళ్లు మొదటి సెమిస్టర్‌కు ముందే అది తెరవండి, రెండో ఏడాదిలో కాదు.