అట్ట బాగుంది, జిగురే ముంచింది

మా అవ్వకి 80 ఏళ్లు నిండాయని ఇంట్లోనే గ్రీటింగ్ కార్డు చేద్దామని తిరుపతి గాంధీ రోడ్డు దగ్గరున్న ఒక స్టేషనరీ షాపుకి వెళ్లాను. 250 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 250 గ్రాముల బరువుండే మందపాటి) అట్ట అడిగితే షాపాయన రెండు మూడు రకాలు తీసి, చేత్తో పట్టి చూసుకోమన్నాడు, అది నచ్చింది నాకు. ఏ4 షీటు 12 రూపాయలు, మధ్యకి మడిస్తే సరిగ్గా ఏ5 కార్డు వస్తుంది. కాకపోతే ఇంత మందం అట్టని ఊరికే మడిస్తే మడత దగ్గర పగులుతుంది, ముందు స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా ఒక గీత నొక్కాలి (ఒక షీటు పాడుచేశాకే తెలిసింది లెండి). అంచుకి శ్రీకాళహస్తి కలంకారీ చీర చూసి నెమళ్లు, తీగలు నల్ల పెన్నుతో వేశా, నాకే ఆశ్చర్యం, బాగా వచ్చాయి.

జిగురు మాత్రం దండగ. నీళ్లలా ఉంది, ఫోటో అంటించగానే ముడతలు పడింది, మార్చమంటే మూత తీశాక కుదరదన్నారు. డబుల్ సైడ్ టేపు కొనుక్కోండి, అదే మేలు. సాయంత్రం వెళ్తే బండి పెట్టడానికి చోటుండదు. అవ్వ మాత్రం ఆ కార్డుని దేవుడి పటం పక్కన పెట్టుకుంది, ముడతల ఫోటోతో సహా.